సీసా సైతం రసాయనమే

ప్రయోగశాలలోని సీసాను నిమిత్తమాత్రమైన పాత్రగా భావించడం పొరపాటు. లోపలి పదార్థాన్ని ఏళ్ల తరబడి అంటిపెట్టుకొని ఉండే దాని గోడ కూడా రసాయనమే కనుక, వీలు చిక్కితే అదీ చర్యలో పాల్గొంటుంది. ఫ్రెంచి శాస్త్రవేత్త లెవోయిజర్ గాజుపాత్రలో నీటిని 101 రోజులు వేడిచేసి, అడుగున తేరిన మట్టివంటి పదార్థం, అప్పటివారు నమ్మినట్లు నీరే మట్టిగా మారగా వచ్చినది కాదనీ, పాత్ర గోడ కరగడం వల్ల ఏర్పడినదనీ తూకం వేసి 1770 ప్రాంతంలో నిరూపించాడు.

మామూలు గాజులో ఇసుక రూపమైన సిలికాతో పాటు సోడా, సున్నం ఉంటాయి. ఇసుక తక్కువ వేడికే కరగడానికి కలిపే ఆ సోడాలోని సోడియమే మెల్లగా ద్రావణంలోకి జారి దానికి క్షారగుణం అంటగడుతుంది. అబ్బే, జైస్ అనే భాగస్వాములతో కలిసి 1884లో జర్మనీలోని యేనాలో గాజు ప్రయోగశాల నెలకొల్పిన ఒట్టో షాట్, సోడాను బాగా తగ్గించి బోరాన్ ఆక్సైడ్‌ను చేర్చి, బోరోసిలికేట్ గాజును రూపొందించాడు. కొత్త మూలకాలను కనుగొన్నవారితో సమానంగా తలచుకోదగినవాడు షాట్. ఎందుకంటే ఆయన గాజు నీటికీ ఆమ్లాలకూ చాలావరకు లొంగదు, వేడికి మామూలు గాజు వ్యాకోచించే దానిలో సుమారు మూడో వంతే వ్యాకోచిస్తుంది. అమెరికాలో ఇటువంటి గాజే 1915లో పైరెక్స్ పేరుతో వచ్చింది.

అయినా హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం సిలికానే హరిస్తుంది. గాఢమైన కాస్టిక్ సోడా ద్రావణం సిలికాను సోడియం సిలికేట్‌గా మార్చి, గాజు బిరడాను సీసా మెడకు అతికిస్తుంది. ఈ రెండింటికీ తగిన సీసా పాలిథీన్‌తో లభించింది. ఇంగ్లండులో 1933లో ఫాసెట్, గిబ్సన్ అనే రసాయనవేత్తలు ఎథిలీన్ వాయువును బెంజాల్డిహైడ్‌తో అధిక పీడనంలో కలపబోగా, అనుకోకుండా మిగిలిన మైనం వంటి తెల్లని పదార్థమే అది. అయితే టొలుయీన్ వంటి సేంద్రియ ద్రావణులు దాని గోడలోకి ఇంకి దాన్ని ఉబ్బిస్తాయి కనుక వాటికి గాజే శరణ్యం. వెలుతురుకు విచ్ఛిన్నమయ్యే సిల్వర్ నైట్రేట్‌కు, నీలి, అతినీలలోహిత కిరణాలను అడ్డగించే ముదురు గోధుమరంగు గాజు అవసరం.

షాట్ గాజుకు అంత బలాన్నిచ్చిన బోరాన్ కూడా అతిస్వల్పంగా ద్రావణంలోకి దిగుతుంది. అందుచేత బోరాన్‌ను సూక్ష్మంగా కొలవవలసిన నమూనాను బోరోసిలికేట్ సీసాలో నిల్వ చేయకూడదు.