బోర్డు ఫోటో మసకగా వచ్చిందా? ఇలా తెల్లగా చేసుకోవచ్చు

ట్యూషన్‌లో సార్ వైట్‌బోర్డుపై రాసింది పిల్లలు ఫోన్‌తో ఫోటో తీసుకుంటారు. ఇంటికొచ్చి చూస్తే ఒక మూల ట్యూబ్‌లైట్ మెరుపు, మరో మూల నీడ. లెక్కలో మైనస్ గుర్తు కనబడకపోతే జవాబే మారిపోతుంది. ప్రింట్ తీస్తే పేజీ అంతా బూడిద రంగు, ఇంకు దండగ.

కంప్యూటర్‌లో ఉచితంగా వాడుకునే ‘గింప్’ సాఫ్ట్‌వేర్ ఇందుకు చాలు. ముందు బోర్డు వరకే ఫోటోను క్రాప్ చేయాలి. తర్వాత లేయర్‌ను డూప్లికేట్ చేసి, పైనున్న కాపీకి ‘గాసియన్ బ్లర్’ బాగా ఎక్కువగా, 50 నుంచి 100 దాకా ఇవ్వాలి. అక్షరాలు కరిగిపోయి వెలుగునీడలే మిగులుతాయి. ఇప్పుడు ఆ కాపీ మోడ్‌ను ‘డివైడ్’కు మార్చాలి. అసలు ఫోటోను ఈ వెలుగునీడలతో భాగించినట్టవుతుంది కాబట్టి నీడ పడిన చోటు కూడా తెల్లబడుతుంది, రాత మాత్రం నిలుస్తుంది. చివరగా రెండు లేయర్లను కలిపేసి, ‘లెవెల్స్’లో నల్ల గుర్తును కుడివైపు జరిపితే రాత ముదురుతుంది.

అసలు ఫోటోను మాత్రం డిలీట్ చేయొద్దు. పలుచని మార్కర్ గీతలు ఒక్కోసారి ఈ పనిలో చెరిగిపోతాయి. మెరుపు పూర్తిగా కమ్మేసిన అక్షరాలను ఏ సాఫ్ట్‌వేరూ తిరిగి తేలేదు. అందుకే ఫోటో తీసేటప్పుడే రెండడుగులు పక్కకు జరిగి, మెరుపు తప్పించి తీయడం మేలు.