పాత లేత్ షాపులో పేరు తెలియని ముక్కలు

తాతలనాటి లేత్ షాపు మూతపడితే డబ్బాల కొద్దీ వింత ఇనుప సామాను బయటపడుతుంది. ఎందుకు పనికొస్తుందో తెలియక చాలావరకు తుక్కు కింద అమ్మేస్తారు. ముద్ర, కొలత, అరుగుదల చూడటం తెలిస్తే వాటిలో చాలా ముక్కల్ని గుర్తుపట్టవచ్చు.

◆ నోటికి పొంతన లేని అంకె: పాత స్పానర్ మీద 1/4 డబ్ల్యూ అని ఉంటుంది. నోరు కొలిస్తే 0.525 అంగుళం! ఇది విట్‌వర్త్ స్పానర్. ఇంగ్లండులో జోసెఫ్ విట్‌వర్త్ 1841లో మరలకు ఒక ప్రమాణం ప్రతిపాదించారు. ఆ బోల్టుల స్పానర్ మీద వేసేది బోల్టు కాడ మందం, తల వెడల్పు కాదు. అదే నోటి దగ్గర 5/16 బిఎస్ఎఫ్ అని కూడా కనిపిస్తుంది. బిఎస్ఎఫ్ సన్న మర బోల్టులకు తల ఒక సైజు తక్కువ కాబట్టి రెండిటికీ ఒకే స్పానర్ సరిపోతుంది.

◆ 127 పళ్ళ చక్రం: గేర్లలో ఒకటి మరీ పెద్దదిగా ఉంటే పళ్ళు లెక్కపెట్టండి. 127 ఉంటే, అంగుళాల లేత్ మీద మిల్లీమీటర్ మరలు కోయడానికి ఉంచిన చక్రం అది. అంగుళం అంటే 25.4 మి.మీ., అంటే 127ను 5తో భాగిస్తే వచ్చేది. 127 ప్రధాన సంఖ్య కావడంతో చిన్న చక్రాలతో కచ్చితమైన నిష్పత్తి రాదు. అంత పెద్ద చక్రానికి చోటు లేనిచోట 63 పళ్ళ చక్రంతో సర్దుకుంటారు. అప్పుడు మీటరు పొడవుకు తేడా సుమారు 0.125 మి.మీ. మాత్రమే.

◆ తోక వంగిన కడియం: పక్కన బిగింపు స్క్రూ, చివర వంకర తోక. ఇది లేత్ డాగ్. రెండు సెంటర్ల మధ్య పెట్టిన కడ్డీని ఇది పట్టుకుంటుంది. దీని తోక, లేత్ స్పిండిల్‌తో పాటు తిరిగే ప్లేటు గాడిలో ఇరుక్కుని కడ్డీని తిప్పుతుంది. తోక ఒక పక్కే అరిగి ఉంటే చాలాకాలం పనిచేసిందని అర్థం.

◆ పలచటి ఉక్కు చీల: ఒక అంచు గుండ్రం, ఇంకో అంచు చదును. ఇది డ్రిఫ్ట్. డ్రిల్లింగ్ మిషన్ స్పిండిల్ పక్కనున్న సందులో దూర్చి మెల్లగా కొడితే, లోపల బిగుసుకున్న మోర్స్ టేపర్ డ్రిల్లు ఊడి కిందికి వస్తుంది.

◆ అతుక్కునే ఉక్కు బిళ్ళలు: అద్దంలా మెరిసే చిన్న దిమ్మెలు ఒత్తి జరిపితే అంటుకుపోతాయి. అయస్కాంతాలు కావు, గేజ్ బ్లాకులు. స్వీడన్‌కు చెందిన కార్ల్ ఎడ్వర్డ్ యోహాన్సన్ రూపొందించిన 102 బిళ్ళల సెట్టుతో సుమారు 20,000 కొలతలు కూర్చవచ్చు. వీటి ముఖాన్ని ఎమరీ కాగితంతో రుద్దకండి, కొలతే పోతుంది.

◆ మన ముద్ర: డ్రిల్ చక్ మీద ప్రాగా అని ఉంటే, అది 1943లో హైదరాబాద్‌లో మొదలైన ప్రాగా టూల్స్ సరుకు.

తుప్పు వదిలించేటప్పుడు గ్రైండర్ పట్టకండి. కిరోసిన్‌లో నానబెట్టి గుడ్డతో తుడవండి. అక్షరాలు పోతే పనిముట్టును గుర్తుపట్టడం కష్టమవుతుంది. మీ ఊళ్ళో పాత టర్నర్, ఫిట్టర్ ఎవరైనా ఉంటే ఈ వారమే ఒక ముక్క తీసుకెళ్ళి అడగండి. ఆయన చెప్పిన పేరూ, పనీ చీటీ మీద రాసి ఆ పనిముట్టుకే కట్టండి.