ఒక్క కాలేజీ పేరే రాయమంటే

1994లో మా నాన్నగారు నన్ను మెడిసిన్ కౌన్సెలింగ్‌కి విజయవాడ తీసుకెళ్లారు. హెల్త్ యూనివర్సిటీ ఆవరణలో చెట్టు కింద నిలబడి, బయటికొచ్చే ప్రతివాళ్లనీ "గుంటూరులో ఉన్నాయా అండీ? కాకినాడ అయిపోయిందా?" అని అడిగారు. నా ర్యాంకు దాకా రాకుండానే సీట్లు అయిపోయాయి. తిరుగు బస్సులో నాన్నగారు బత్తాయి ఒలిచి ఒక్కో తొనా నా చేతిలో పెట్టారు. ఊరొచ్చేదాకా ఒక్క మాటా అనలేదు.

ఆ రోజు నుంచి నా మనసులో ఒక లెక్క పాతుకుపోయింది. ముందు ర్యాంకు, తర్వాతే కాలేజీ. ఎన్ని చోట్ల పేరు రాసుకుంటే అంత మంచిది. అందుకే అమెరికాలో, జార్జియాలోని మా వంటింటి బల్ల దగ్గర కూర్చుని మా అమ్మాయి "అమ్మా, ఎర్లీ డిసిషన్‌లో ఒక్క కాలేజీకే అప్లై చేద్దామనుకుంటున్నా" అన్నప్పుడు నాకు గుండె జారిపోయింది.

ఆ పద్ధతి తెలియనివాళ్ల కోసం నాలుగు మాటలు. ఇక్కడ ఎం.డి. కాలేజీల్లో చాలావాటికి ఆమ్‌కాస్ అనే ఒకే దరఖాస్తు ఉంటుంది. మామూలు దారిలో పిల్లలు పదిహేనుకు పైగా కాలేజీలకు పంపుతారు. 2023లో 52 వేల మందికి పైగా పోటీపడితే చేరినవాళ్లు 23 వేల లోపే, మరి పంపరా! ఎర్లీ డిసిషన్ దారి వేరు. ఆగస్టు 1 లోపు ఒకే ఒక్క కాలేజీకి దరఖాస్తు పెట్టాలి. వాళ్లు అక్టోబరు 1 లోపు జవాబు చెప్పాలి. సీటిస్తే అక్కడే చేరాలి. ఇవ్వకపోతేనో, వాళ్లు వదిలేస్తేనో తప్ప మరో ఎం.డి. కాలేజీ తలుపు తట్టకూడదు. అన్ని కాలేజీల్లోనూ ఈ దారి లేదు. ఉన్నచోట కూడా తమ రాష్ట్రం పిల్లలకో, ఆ ప్రాంతంతో గట్టి అనుబంధం ఉన్నవాళ్లకో మొగ్గు ఎక్కువ. మన ఊళ్లో లోకల్, నాన్‌లోకల్ అని విని పెరిగినవాళ్లం కనుక ఇది మనకు తేలిగ్గానే అర్థమవుతుంది. మెర్సర్ వైద్య కళాశాల అయితే ఎం.డి.కి జార్జియా వాసుల్నే చేర్చుకుంటుంది. పల్లెలకు డాక్టర్లను తయారుచేయడానికే అది పుట్టింది.

అసలు చిక్కు జవాబు 'కాదు' అని వచ్చినప్పుడు. జూన్‌లో పంపినవాళ్ల ఇంటర్వ్యూలు అప్పటికే మొదలై ఉంటాయి. చాలాచోట్ల దరఖాస్తులు వస్తున్నకొద్దీ సీట్లు నింపుకుంటూ పోయే పద్ధతి కనుక, అక్టోబరులో చేరేవాడు వరుసలో చివర నిలబడతాడు. మా వారి బెంగ ఇంకొకటి. సీటొచ్చినా, నాలుగు కాలేజీల స్కాలర్‌షిప్పులు పక్కపక్కన పెట్టి చూసుకునే వీలుండదు. అప్పు చేసి మెడిసిన్ చదివినవాళ్లు బయటికొచ్చేసరికి ఆ అప్పు దాదాపు 2 లక్షల డాలర్లు ఉండటం ఇక్కడ మామూలే. ఆయన మాట కొట్టిపారేసేది కాదు.

నా మనసు మార్చింది ఒక శనివారం. అమ్మాయి దక్షిణ జార్జియాలో ఒక చిన్న క్లినిక్‌కి రెండేళ్లుగా వెళ్తోంది. ఆ రోజు కారు నేను నడిపాను. వరండాలో ఒక పెద్దావిడ ఇన్సులిన్ సీసాని తడిగుడ్డలో చుట్టి, చేతిసంచిలో పెట్టుకుని కూర్చుంది. వాళ్ల కౌంటీలో డాక్టరు లేడట, నలభై మైళ్లు వచ్చింది. జార్జియాలో 159 కౌంటీలు, కొన్నింట ఒక్క డాక్టరూ లేడు. మా అమ్మాయి ఆవిడ పక్కన మోకాళ్ల మీద కూర్చుని, మనవడి పేరు పెట్టి "వాడికి జ్వరం తగ్గిందా?" అని అడిగింది. తనకు ఏ కాలేజీ కావాలో, ఎందుకు కావాలో అక్కడ తెలిసింది నాకు. ఆ కాలేజీ విద్యార్థులు అటువైపు ఊళ్లకే వెళ్లి పని నేర్చుకుంటారు.

ప్రవేశ పరీక్ష ఎమ్‌క్యాట్‌లో మార్కులు తక్కువ కనుక ముందే వెళ్తే పోటీ తక్కువ ఉంటుందని ఈ దారి పట్టే పిల్లలను చూశాను. వద్దని గట్టిగా చెబుతాను. పది సీట్లు ఒకేసారి చేతికొచ్చినా ఆ ఒక్క కాలేజీకే వెళ్తాననేవాళ్లకు, ఆ కాలేజీ మామూలుగా తీసుకునే మార్కులు తమకూ ఉన్నవాళ్లకు మాత్రమే ఇది తగును. పంపేముందు కాలేజీ అడ్మిషన్ల ఆఫీసుకు ఫోన్ చేసి, 'నాలాంటివాళ్లను ఈ దారిలో తీసుకుంటారా' అని అడగొచ్చు. మా అమ్మాయి అడిగింది. ఇంకో మంచి పని కూడా చేసింది. మిగతా కాలేజీలు విడిగా అడిగే సెకండరీ వ్యాసాలు జులైలోనే రాసి పెట్టుకుంది. ప్రశ్నలు ఏటేటా పెద్దగా మారవు.

సెప్టెంబరు ఆఖరి వారంలో జవాబొచ్చింది. సీటు ఇవ్వలేదు. ఆ రాత్రి నేను బత్తాయి ఒలిచి తొనలు తన చేతిలో పెట్టాను. నాకూ మాటలు రాలేదు. మర్నాడు పొద్దున్నే లేచి, సిద్ధంగా ఉన్న పదకొండు కాలేజీల పేర్లు దరఖాస్తులో తనే చేర్చింది. వ్యాసాలు వారంలో వెళ్లిపోయాయి. రెండు ఇంటర్వ్యూలు వచ్చాయి, ఫిబ్రవరిలో సీటొచ్చింది. "మళ్లీ అయినా అదే చేస్తానమ్మా" అంది. నేను నమ్మాను.

మన సంఘంలో ఇంతమంది డాక్టర్లున్నారు. ఒక్క శనివారం ప్రీమెడ్ పిల్లలతో, వాళ్ల అమ్మానాన్నలతో కూర్చోండి. జూన్ మొదట్లోనే పెట్టండి, ఆగస్టు 1 దాటాక ఆ మాటలు ఆ ఏడాది ఎవరికీ అక్కరకు రావు. హాలు ఏర్పాట్లు, భోజనాలు నేను చూసుకుంటాను.