అద్దములోని ఆట: చదరంగమున పెట్రోవ్ రక్షణ

చదరంగము నేర్చుకొను పిల్లవానికి మొదటి దినములలోనే ఒక ఉపాయము తోచును. ఎదుటివాడు ఏ ఎత్తు వేసిన ఆ ఎత్తే తానును వేయుచుండిన ఓటమి ఎట్లు కలుగును? ఎదుటివాడు బంటును నడిపిన తానును బంటును నడుపును. అతడు గుర్రమును దూకించిన తానును దూకించును. రెండు సేనలు అద్దమునకు ఇరువైపుల నిలిచినట్లుండగా ఫలితమును సమానమే కావలెను గదా యని వాని ఊహ. ఊహ ముచ్చటైనదే, కాని ఆట దానిని అంగీకరింపదు. ఏల అంగీకరింపదో తెలిసికొనుట బాలురకే కాదు, ఏండ్ల తరబడి ఆడినవారికిని మేలు చేయును.

ఈ ఊహను పరీక్షించుటకు తగిన ఆరంభము ఒకటి కలదు. దానికి పెట్రోవ్ రక్షణ అని పేరు. రష్యన్ రక్షణ అనియు అందురు. రష్యా దేశపు ప్రసిద్ధ క్రీడాకారుడు అలెగ్జాండర్ పెట్రోవ్ (1794–1867) పేర ఇది వ్యాపించినది. ఆయన కాలమువాడే యైన కార్ల్ యేనిష్ 1842లో దీనిపై తన పరిశీలనను ప్రకటించెను. నాటినుండి బాలురును, ప్రపంచ విజేతలును దీనిని ఆడుచునే యున్నారు. ఆటగాని స్థాయినిబట్టి ఈ ఒక్క ఆరంభమే మూడు పాఠములు చెప్పును.

ఇంట చదరంగపు బల్ల యున్నవారు దానిని ముందుంచుకొని, తెల్లపావులు తమవైపు ఉండునట్లు అమర్చుకొనిన ఈ మాటలను అనుసరించుట సులభము. తెలుపువైపు కూర్చున్నవానికి ఎడమనుండి కుడికి నిలువు వరుసలు ఎ, బి, సి, డి, ఇ, ఎఫ్, జి, హెచ్; తనవైపునుండి ఎదుటివైపునకు అడ్డు వరుసలు 1 నుండి 8. రాజులిరువురును ఇ వరుసలోను, మంత్రులిరువురును డి వరుసలోను నిలుతురు.

తెలుపు రాజు ముందటి బంటును రెండు గళ్లు నడిపి ఇ-4లో నిలుపును. నలుపును అట్లే తన బంటును ఇ-5లో నిలుపును. తెలుపు రాజువైపు గుర్రమును ఎఫ్-3కి దూకించి ఇ-5లోని బంటుపై గురిపెట్టును. ఇచ్చట చాలమంది తమ బంటునకు కాపు పెట్టుకొందురు. పెట్రోవ్ రక్షణలో నలుపు అట్లు చేయదు. తన గుర్రమును ఎఫ్-6కి దూకించి ఇ-4లోని తెల్లబంటుపై గురిపెట్టును. నా బంటును నీవు కొట్టిన నీ బంటును నేను కొట్టెదనని దీని భావము.

మూడవ ఎత్తున తెలుపు గుర్రముతో ఇ-5 బంటును కొట్టును. అద్దపు ఆట ఆడువాడు వెంటనే తన గుర్రముతో ఇ-4 బంటును కొట్టును. ఇంతవరకు లెక్క సమానమే. నాలుగవ ఎత్తున తెలుపు తన మంత్రిని రాజు ముందటి గడియగు ఇ-2కు తెచ్చి నల్లగుర్రముపై గురిపెట్టును. నలుపు భయపడి గుర్రమును తిరిగి ఎఫ్-6కి తెచ్చెనా, తెల్లగుర్రము ఇ-5నుండి సి-6కు దూకును. గుర్రము అడ్డు తొలగినంతనే మంత్రి చూపు నేరుగా నల్లరాజుపై పడును, అది చెక్. అదే క్షణమున సి-6లోని గుర్రము డి-8లోని నల్లమంత్రిపై గురిపెట్టి యున్నది. రాజును కాపాడుకొనవలసిన నలుపునకు మంత్రిని కాపాడుకొను వ్యవధి లేదు. ఐదవ ఎత్తునకే ఆట చేయిదాటిపోవును.

అట్లు వెనుకకు రాక, పట్టుదలతో అద్దమునే నమ్ముకొని, నలుపు తన మంత్రిని ఇ-7కు తెచ్చినచో ఏమగును? తెల్లమంత్రి ఇ-4లోని నల్లగుర్రమును కొట్టును. నల్లమంత్రి అనుకరించి ఇ-5లోని తెల్లగుర్రమును కొట్టును. అప్పుడు తెల్లమంత్రి నల్లమంత్రినే కొట్టి రాజునకు చెక్ చెప్పును. అనుకరించుటకు నలుపు చేత ఇక మంత్రియే లేదు! తెల్లగుర్రమును వెంటనే కొట్టక, డి బంటును ఒక గడి జరిపి దానిపై ఒత్తిడి తెచ్చుట కొంత మేలు. అప్పుడును నలుపు పోయిన గుర్రమునకు బదులు గుర్రమును రాబట్టుకొనునే కాని, ఒక బంటు నష్టము మిగిలిపోవును.

ఇందలి కారణము సులభము. చదరంగమున ఇరువురు ఒకేసారి ఎత్తు వేయరు. సేనలు సమానమే, స్థానములు సమానమే. కాని వంతు సమానము కాదు. తెలుపు ఒక అడుగు ముందున్నది. పెద్ద పందెముల ఫలితములను లెక్కించినచో, తెలుపునకు నూటికి 52 మొదలు 56 పాళ్ల వరకు వచ్చుచుండుటకు ఈ ఒక్క అడుగే కారణము. నెమ్మదియైన ఎత్తులున్నంతవరకు అనుకరణ సాగును. చెక్ గాని, ప్రాణాపాయము గాని ఎదురైన క్షణమున సమాధానము చెప్పక తప్పదు; అనుకరణకు అచ్చట తావు లేదు. ముందు నడుచువాడే ఆ క్షణమును మొదట చేరును.

కావున కొత్తగా నేర్చుకొనువారికి మొదటి పాఠము ఇది: తెల్లగుర్రము ఇ-5 బంటును కొట్టగానే బదులు కొట్టవద్దు. ముందు డి బంటును ఒక గడి నడిపి డి-6లో నిలిపి, ఆ గుర్రమును వెళ్లగొట్టవలెను. అది ఎఫ్-3కి మరలిన పిదపనే ఇ-4 బంటును కొట్టవలెను. కొట్టుట అదే, గడి అదే. నడుమ ఒక్క ఎత్తు చేర్చుటతో ఓడు ఆట నిలబడు ఆటగా మారినది. ఇప్పుడు తెల్లమంత్రి ఇ-2కు వచ్చినను నల్లమంత్రి ఇ-7కు వచ్చి ఎదుర్కొనగలదు. ఇ-5లో తెల్లగుర్రము లేదు గనుక వెనుకటి మోసము జరుగదు. ఇ వరుస తెరచియున్నంతసేపు రాజును ఆ వరుసలో నిలుపక, త్వరగా కోట కట్టి మూలకు చేర్చవలెనని కూడ నేర్చుకొనవలెను.

ఆరంభపు ఎత్తులు తెలిసి, నడిమి ఆట తెలియవలసినవారిది రెండవ స్థాయి. వారు ఎత్తులను గాక ఉద్దేశములను చూడవలెను. సాధారణముగా తెలుపు ఐదవ ఎత్తున మంత్రి ముందటి బంటును డి-4కు నడుపును. నలుపు తన బంటును డి-6నుండి డి-5కు జరిపి, ఇ-4లోని గుర్రమునకు ఊత కల్పించును. తెలుపు శకటును డి-3కి తెచ్చి ఆ గుర్రమును ప్రశ్నించును. బంట్లు ఇప్పుడును ఇరువైపుల సమానమే. భేదమంతయు ఇ-4లోని ఆ గుర్రములో నున్నది. అది శత్రుభూమిలో నాటిన స్తంభమా, లేక వెనుక బలగము లేక ముందుకు పోయిన ఒంటరి భటుడా? తెలుపు సి బంటును సి-4కు నడిపి డి-5లోని ఊతను కదల్చజూచును. కోట కట్టి, ఏనుగును ఇ-1కి తెచ్చి నిలువు వరుసను పట్టును. నలుపు కూడ కోట కట్టి, శకటులను, మిగిలిన గుర్రమును బయటికి తెచ్చి ఆ గుర్రమునకు తోడు పంపవలెను. ఈ ఒక్క ప్రశ్న మనసున నుంచుకొని ఆడినవానికి పది ఎత్తులు కంఠస్థము చేసినదానికంటె ఎక్కువ ఫలము కలుగును.

తెలుపు అద్దమునే పగులగొట్టు దారియు ఒకటి కలదు. డి-6 బంటు నడిచినంతనే వెనుకకు మరలక, గుర్రము ఎఫ్-7 బంటును కొట్టి తన్ను తాను బలియిచ్చుకొనును. రాజు దానిని కొట్టి బయటికి రాక తప్పదు. ఒక గుర్రమునకు రెండు బంట్లును, నిలువ నీడలేని రాజును తెలుపునకు లభించును. దీనికి కాక్రేన్ బలి అని పేరు. కలకత్తాలో న్యాయవాదిగా నుండిన జాన్ కాక్రేన్ 19వ శతాబ్దపు మధ్యకాలమున వంగదేశీయుడైన మహేశ్‌చంద్ర బెనర్జీపై దీనిని ప్రయోగించెను. 1999లో లినారెస్ పందెమున వెసెలిన్ టోపలోవ్ దీనినే వ్లాదిమిర్ క్రామ్నిక్‌పై ప్రయోగింపగా ఆట డ్రాగా ముగిసెను. ఇంటి ఆటలలో ఇది ఎదురైనప్పుడు నలుపు కంగారుపడక, రాజును మెల్లగా భద్రపరచుకొనుచు తన అధిక బలమును నిలుపుకొనవలెను.

మూడవ పాఠము నిపుణులకు. దీనికి మన దేశపు విశ్వనాథన్ ఆనంద్ ఆటయే ఉదాహరణము. 1988లో స్విట్జర్లాండులోని బీల్ పట్టణమున కొలంబియా దేశపు అలొన్సో జపాటాతో ఆయన నల్లపావులతో ఆడెను. అప్పటికి ఆయన వయసు 18 ఏండ్లు. పెట్రోవ్ రక్షణలో నాలుగు ఎత్తులు సక్రమముగా సాగినవి. ఐదవ ఎత్తున జపాటా రెండవ గుర్రమును సి-3కి తెచ్చి ఇ-4లోని గుర్రముపై గురిపెట్టెను. దానిని మార్చుకొనుట పరిపాటి. ఆనంద్ అట్లు చేయక శకటును ఎఫ్-5కు తెచ్చి గుర్రమునకు కాపు పెట్టెను. జపాటా మంత్రిని ఇ-2కు తెచ్చెను. నల్లగుర్రము కదలిన రాజునకు చెక్. అందుచే అది కట్టుపడినది. డి-5కు బంటును నడిపి కాచినను తెలుపు డి బంటు డి-3కి వచ్చి దానిని పట్టును. మంత్రిని ఇ-7కు తెచ్చి అడ్డుపెట్టినను తెల్లగుర్రము డి-5కు దూకి ఆ మంత్రిని తరుమును. ఆనంద్ అంతటితో ఓటమిని అంగీకరించెను. తెలుపు వేసినవి ఆరు ఎత్తులు మాత్రమే.

ఆ శకటు ఎత్తు ఆయనకు ఎచ్చటినుండి వచ్చినది? 1987లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆంథొనీ మైల్స్, లారీ క్రిస్టియన్‌సెన్ ఆడిన ఆటలో అదే ఎత్తు వచ్చినది. తెలుపు మంత్రిని ఇ-2కు తేలేదు, ఆట డ్రా ఆయెను. ఇద్దరు గ్రాండ్‌మాస్టరుల ఆట గనుక ఆ ఎత్తు నమ్మదగినదిగా కనబడెను. బాలుడు ఎదుటివాని ఎత్తును అనుకరించి మంత్రిని కోల్పోవును. నిపుణుడు అచ్చులో చూచిన ఎత్తును అనుకరించి గుర్రమును కోల్పోవును. రెండును ఒకే దోషము. అద్దము మారినది, అంతే. ఆ ఓటమి ఆనంద్ ప్రగతిని ఆపలేదు. ఆ ఏటనే ఆయన భారతదేశపు మొదటి గ్రాండ్‌మాస్టరు ఆయెను, పిమ్మట ప్రపంచ విజేతయు ఆయెను.

అనుకరణము సర్వదా దోషమేనా? కాదు. 2018లో ఫాబియానో కరువానా బెర్లిన్ అభ్యర్థుల పందెమున ఈ రక్షణతోనే నల్లపావులతో గెలుపులు సాధించి, లండనులో మాగ్నస్ కార్ల్‌సెన్‌తో ప్రపంచ పోటీకి దిగెను. ఆ పోటీ ఆరవ ఆటలో వింత ఒకటి జరిగినది. తెల్లగుర్రము డి-5కు దూకి ఇ-7లోని నల్లమంత్రిపై గురిపెట్టగా, కరువానా మంత్రిని తప్పింపక తన గుర్రమును డి-4కు దూకించి ఇ-2లోని తెల్లమంత్రిపై గురిపెట్టెను. ఆ గుర్రము ఈ మంత్రిని కొట్టినది. ఈ గుర్రము ఆ మంత్రిని కొట్టినది. రెండు గుర్రములును క్షేమముగా వెనుకకు మరలినవి! ఆట 80 ఎత్తులు సాగి డ్రా ఆయెను. ఇచ్చటను అద్దపు ఆటయే. కాని ప్రతి ఎత్తును లెక్కించి, ఎదుటి అపాయమునకు తన అపాయము సరితూగునని ఎరిగి వేసిన ఎత్తు. తెలిసి వేసిన ఎత్తు అనుకరణవలె కనబడినను అది స్వంతమే.

సాయంకాలము పిల్లలతో బల్లముందు కూర్చున్నప్పుడు ఒక చిన్న పద్ధతిని పాటించి చూడుడు. తండ్రి తెల్లపావులు పట్టి, పిల్లవానిని అద్దపు ఆట ఆడనిచ్చి, మంత్రిని కోల్పోనిండు. పిదప అదే ఆటను మరల మొదలుపెట్టి, ప్రతి ఎత్తునకు ముందు ఒక్క ప్రశ్న అడుగుడు: ఎదుటివాడు ఈ ఎత్తుతో ఏమి కోరుచున్నాడు? ఆ ప్రశ్నకు జవాబు చెప్పిన తరువాతనే పావును ముట్టనిండు. మూడవ ఎత్తున వాడు ఇ-4 బంటును కొట్టబోయిన చేతిని తానే వెనుకకు తీసికొని డి బంటును నడిపిన దినమున, వానికి చదరంగము పట్టుబడుట మొదలైనదని తెలిసికొనవచ్చును.