రువాన్‌లో ఒక మధ్యాహ్న భోజనం

1948 నవంబరు 3వ తేదీన ఫ్రాన్సుదేశపు ఉత్తర తీరాన ఉన్న లె హావ్ర్ రేవుకు 'అమెరికా' అనే ఓడ చేరింది. అందులోనుంచి లేత నీలం రంగు బ్యూయిక్ కారు ఒకటి క్రేను సాయంతో ఒడ్డుకు దిగింది. దాని కోసం ఎదురుచూస్తున్న దంపతులు అందులో సామాను సర్దుకొని దక్షిణదిశగా బయలుదేరారు. భర్త పాల్ చైల్డ్ వయస్సు 46 సంవత్సరాలు. పారిస్‌లోని అమెరికా రాయబార కార్యాలయంలో ప్రదర్శనల అధికారిగా ఆయన చేరవలసి ఉంది. భార్య జూలియాకు 36. ఆరడుగుల రెండంగుళాల పొడగరి. ఐరోపా గడ్డపై ఆమె కాలు మోపడం అదే మొదటిసారి. ఫ్రెంచి భాషలో నాలుగు ముక్కలు పొందికగా మాట్లాడలేదు. అంతకంటె విశేషం, వంట కూడా అంతంత మాత్రమే.

1944 సెప్టెంబరులో కురిసిన బాంబులకు లె హావ్ర్ పట్టణం నేలమట్టమయింది. నాలుగేళ్లు గడిచినా ఆ శిథిలాలు ఇంకా కనబడుతూనే ఉన్నాయి. వాటిని దాటి, సీన్ నదీలోయ వెంట సాగి, మధ్యాహ్నానికి వారు రువాన్ నగరం చేరుకున్నారు. 1431లో వీరవనిత జోన్ ఆఫ్ ఆర్క్‌ను సజీవ దహనం చేసింది అక్కడి పాత అంగడి కూడలిలోనే. ఆ కూడలిని ఆనుకొని 1345 నాటి కలప దూలాల కట్టడంలో 'లా కురాన్' అనే భోజనశాల ఉంది. పాల్ తన యౌవనంలో కొన్నాళ్లు పారిస్‌లో గడిపినవాడు కనుక ఆ దేశపు భోజనమర్యాదలు ఎరిగినవాడే. జూలియాకు మాత్రం లోపల అడుగు పెట్టాలంటే జంకు కలిగింది. అక్కడి వారి నాగరికత ముందు తన బట్టలు, తన వాలకం నవ్వుల పాలవుతాయేమోనని ఆమె భయం.

వంటింటివైపునుంచి ఏదో కమ్మని వాసన వచ్చింది. అదేమిటని ఆమె అడిగింది. వెన్నలో షాలట్లు వేగుతున్నాయని భర్త చెప్పాడు. షాలట్ అంటే ఏమిటని ఆమె మళ్లీ అడిగింది. మన సాంబారు ఉల్లిపాయకు దగ్గరి చుట్టమైన ఆ చిన్న ఉల్లిని, తర్వాతి కాలంలో అమెరికాకంతటికీ ఫ్రెంచి వంట నేర్పిన ఈ స్త్రీ ఆనాటిదాకా ఎరుగదు.

ముందుగా ఆల్చిప్పలు వచ్చాయి. ఆ వెనుక 'సోల్ మునియేర్' వచ్చింది. మునియేర్ అంటే పిండిమర యజమాని భార్య. సోల్ చేపకు పలుచగా పిండి అద్ది, వెన్నలో ఎర్రగా వేయించి, పైన పార్స్‌లీ ఆకు చల్లి, నిమ్మరసం పిండుతారు. ఇంతకంటె అందులో రహస్యమేమీ లేదు. కాని చేప ఆనాటిదై ఉండాలి, వెన్న మేలైనదై ఉండాలి, వండేవాడి చేయి తడబడరాదు. ఆ తర్వాత ఆకుకూరల సలాడు, మెత్తని తెల్లని జున్ను, కాఫీ. పట్టపగలు భోజనంతో ద్రాక్షసారాయి పుచ్చుకోవచ్చునన్న సంగతి కూడా ఆమెకు కొత్తే. తన జీవితంలోకెల్లా ఉద్వేగభరితమైన భోజనం అదేనని జూలియా చైల్డ్ వృద్ధాప్యంలో కూడా చెప్పుకునేది.

ఈ దంపతుల కథ మొదలయింది మాత్రం ఫ్రాన్సులో కాదు, మనకు ఎంతో సమీపంలో. రెండవ ప్రపంచయుద్ధకాలంలో ఇద్దరూ అమెరికా గూఢచారి శాఖలో పనిచేశారు. 1944లో జూలియా ఓడలో బొంబాయి వచ్చి, అక్కడినుంచి సింహళం చేరింది. మౌంట్‌బాటన్ ప్రధాన సైనికస్థావరం అప్పుడు క్యాండీలో ఉండేది. రహస్యపత్రాలను క్రమపరచి భద్రం చేసే విభాగం ఆమె చేతికింద ఉండగా, పాల్ యుద్ధవ్యూహాలకు కావలసిన పటాలు, చిత్రాలు తయారు చేయించేవాడు. అతడు చిత్రకారుడు, ఛాయాగ్రాహకుడు, భోజనప్రియుడు. ఆమె కంటె పదేళ్లు పెద్ద, పొడవులో మాత్రం ఆమె కంటె తక్కువ. 1945లో చైనాలోని కున్మింగ్‌కు ఇద్దరికీ బదిలీ అయింది. సైనికుల భోజనం నోటికి సహించక, ఆ పురాతన నగరంలోని చిన్న చిన్న చైనా భోజనశాలలను వెతుక్కుంటూ తిరిగారు. స్నేహం అక్కడే ముదిరింది. 1946 సెప్టెంబరు 1న వివాహం జరిగింది. ముందురోజు మోటారు ప్రమాదంలో గాయపడినందువల్ల వధూవరులిద్దరూ కట్లతోనే పెళ్లిపీట ఎక్కారు!

పారిస్ చేరిన తర్వాత జూలియాకు రోజంతా తీరికే. అంగళ్లన్నీ తిరిగింది. కూరలమ్మే వారితో, జున్ను కొట్లవారితో మాట్లాడి మాట్లాడి భాష పట్టుకుంది. పరదేశంలో భాషకు ఇంతకంటె మంచి బడి మరొకటి ఉందా అనిపిస్తుంది. 1949 అక్టోబరులో ఆమె 'కార్డన్ బ్లూ' వంట పాఠశాలలో చేరింది. తరగతిలో తక్కినవారందరూ యుద్ధంనుంచి తిరిగి వచ్చిన అమెరికన్ సైనికులు. గురువు మాక్స్ బున్యార్ డెబ్బయ్యేళ్లు దాటినవాడు. సుప్రసిద్ధ పాకశాస్త్రవేత్త ఎస్కాఫియే వద్ద పనిచేసిన అనుభవం అతనిది. కోడిగుడ్డు పొరటు ఎంత సన్నని సెగ మీద, ఎంత ఓపికగా చేయాలో అతడు చేసి చూపిన రోజున, తాను ఇంతవరకు చేసినది వంట కాదని జూలియా గ్రహించింది.

ఇంత సాధన చేసిన మనిషి 1951లో తొలిసారి పరీక్షలో తప్పింది. కష్టమైన వంటకాలనే అభ్యసించి, పాఠశాలవారు ఇచ్చిన చిన్న పుస్తకంలోని సులభమైన వాటిని ఆమె కంఠస్థం చేయలేదు. పరీక్షలో అడిగినవి అవే. కోపం దిగమింగి రెండవసారి రాసి, నెగ్గింది. ఇంతలో సిమోన్ బెక్, లుయిజెత్ బెర్తోల్ అనే ఇద్దరు ఫ్రెంచి మహిళలతో పరిచయం కలిగింది. అమెరికన్ గృహిణులకు ఫ్రెంచి వంట నేర్పే గ్రంథం రాయాలని వారి సంకల్పం. జూలియా వారితో చేయి కలిపింది.

ఆ పుస్తకం పూర్తయి అచ్చుకావడానికి దాదాపు పదేళ్లు పట్టింది. భర్త ఉద్యోగం వెంట కాపురం ఊరూరా కదిలింది. పుస్తకం కూడా దానితోపాటు కదిలింది. 1953లో మార్సేయి. క్రీస్తుపూర్వం 600 ప్రాంతంలో గ్రీకులు స్థాపించిన రేవుపట్టణమది. పాతరేవు పక్కనున్న ప్రాచీనమైన పేటను 1943లో జర్మన్లు పేల్చివేశారు. రేవు మాత్రం నిలిచింది, దానితోపాటు చేపలబేరమూ నిలిచింది. ఆ ఊరి ప్రసిద్ధ వంటకం 'బూయాబేస్'. రాళ్ల మధ్య తిరిగే రకరకాల చేపలతో, కుంకుమపువ్వు, సోపు, వెల్లుల్లి వేసి కాచే పులుసు అది. అసలైన పద్ధతి ఏదని జూలియా అడిగితే ఎవరికి వారు తమదే అసలైనదన్నారు. అందులో టమాటా వేయవచ్చా, కూడదా అన్నదే పెద్ద తగవు. మన దేశంలో పప్పుచారుకూ సాంబారుకూ జరిగే వాదాలు విన్నవారికి ఇందులో వింత ఏమీ తోచదు. పెద్దలు చెప్పారని ఆమె దేన్నీ ఒప్పుకొనలేదు. పాత గ్రంథాలు చూసింది, స్వయంగా వండింది, ఆ పిమ్మటే రాసింది.

1954లో జర్మనీకి బదిలీ అయింది. మరుసటి సంవత్సరం ఏప్రిల్‌లో పాల్‌ను వెంటనే వాషింగ్టన్ రమ్మని తంతి వచ్చింది. పదవి పెరగబోతున్నదని దంపతులు సంతోషించారు. అక్కడ అతనికి ఎదురయింది విచారణ. కమ్యూనిస్టుల వేట ముమ్మరంగా సాగుతున్న రోజులవి. సింహళంలో తమతో పనిచేసిన జేన్ ఫాస్టర్ అనే స్నేహితురాలిని గురించి, అతని స్వంత జీవితాన్ని గురించి గంటల తరబడి ప్రశ్నలు వేశారు. చివరకు నిర్దోషి అని తేలింది. కాని ఎంతో నమ్మకంతో సేవించిన ప్రభుత్వం తనను ఇలా అనుమానించిందన్న బాధ అంత తేలికగా పోయేది కాదు. ఈ కథలో చేదుగా మిగిలిన ఘట్టం ఇదొక్కటే. భార్య వంటను గురించి చెప్పేవారు చాలామంది దీన్ని దాటిపోతారు. అది న్యాయం కాదు.

ఒకవైపు పుస్తకానికీ అడ్డంకులే. ఫ్రాన్సులోని పిండి వేరు, అమెరికా పిండి వేరు. అసలైన సోల్ చేప అమెరికా సముద్రంలో దొరకదు. ప్రతి కొలతనూ మార్చి, ప్రతి వంటకాన్నీ పలుమార్లు చేసి చూడవలసివచ్చింది. ఒప్పందం చేసుకున్న ప్రచురణకర్తలే రాతప్రతి మరీ పెద్దదని తిప్పిపంపారు. తిరగరాసి పంపితే 1959లో మళ్లీ కాదన్నారు. అప్పటికి పాల్ ఉద్యోగం నార్వే రాజధాని ఓస్లోలో. క్నాఫ్ సంస్థలో జూడిత్ జోన్స్ అనే యువ సంపాదకురాలు ఆ వంటకాలను తన ఇంట చేసి చూసి, యజమానులను ఒప్పించింది. 'మాస్టరింగ్ ది ఆర్ట్ ఆఫ్ ఫ్రెంచ్ కుకింగ్' 700 పుటలకు పైబడిన గ్రంథంగా 1961 అక్టోబరులో వెలువడింది. అదే సంవత్సరం పాల్ ఉద్యోగం విరమించాడు. 1963 ఫిబ్రవరి 11న జూలియా టెలివిజన్ వంట కార్యక్రమం ఆరంభమయింది. కెమెరాకు కనబడకుండా ఆమెకు సాయపడినవారిలో పాల్ ఒకడు. గిన్నెలు తోమడానికి కూడా అతడు వెనుదీయలేదు.

కొంత డబ్బు చేతికి రాగానే వారు మళ్లీ ఫ్రాన్సుకే మళ్లారు. దక్షిణాన ప్రొవాన్స్ సీమలో సిమోన్ బెక్ కుటుంబానికి చెందిన తోటలో ఒక చిన్న ఇల్లు కట్టుకున్నారు. దాని పేరు 'లా పిచూన్', అంటే చిన్నది అని అర్థం. స్థలం కొనలేదు. ఇల్లు తమకు అవసరం లేనినాడు తిరిగి ఆ కుటుంబానికే ఇచ్చివేస్తామన్నది షరతు. దాదాపు పాతికేళ్లు ఏటా అక్కడికి వచ్చి, అంగట్లో కూరలు కొని, ఆలివు చెట్ల నీడన భోంచేశారు.

1991 డిసెంబరులో సిమోన్ మరణించింది. పాల్ అప్పటికే జబ్బుపడి, ప్రయాణం చేయలేని స్థితిలో ఉన్నాడు. 1992 వేసవిలో జూలియా అతడు లేకుండానే వచ్చి, ఆ వంటింట్లో చివరిసారిగా మాంసం, ద్రాక్షసారాయి కలిపి సన్నని సెగపై గంటల తరబడి ఉడికే ప్రొవాన్స్ కూర వండింది. అప్పటికి ఆమెకు 80 నిండవస్తున్నాయి. సామాను సర్దించి, ఇంటికి తాళం వేసి, మాట ప్రకారం తాళం చెవి సిమోన్ కుటుంబం వారి చేతిలో పెట్టింది.