ఎర్ర మచ్చల స్విస్ కామఫ్లాజ్

స్విట్జర్లాండ్ సైన్యం 1950ల చివర్లో వాడుకలోకి తెచ్చిన పోరాట దుస్తుల మీద ఆకుపచ్చ, నలుపు, ఖాకీ రంగులతో పాటు తుప్పు ఛాయలో ఎర్ర మచ్చలు, అక్కడక్కడ తెల్ల మరకలు ఉండేవి. శత్రువు కంట పడకూడదని కుట్టిన బట్ట మీద ఎరుపేమిటని ఎవరికైనా సందేహం వస్తుంది. అంతకుముందు స్విస్ సైనికుడిది మచ్చలు లేని బూడిద ఛాయ ఉన్ని యూనిఫాం.

నమూనా మూలం జర్మనీలో ఉంది. రెండో ప్రపంచ యుద్ధం చివరి రోజుల్లో అక్కడ లైబర్‌ముస్టర్ అనే ఆరు రంగుల అచ్చు తయారైంది. 1945లో అది కొద్దిమందికి మాత్రమే అందింది, అంతలోనే యుద్ధం ముగిసింది. ఏ పక్షమూ చేరని స్విట్జర్లాండ్ ఆ ఆలోచనను తీసుకుని తనకు తగ్గట్టు మార్చుకుంది.

దూరాన ఉన్న మనిషిని చూపు పోల్చుకునేది ప్రధానంగా ఆకారాన్ని బట్టి: తల, భుజాలు, చేతుల అంచులు. ముదురు, లేత మచ్చలు ఆ అంచులను అడ్డంగా కోసేస్తే ఆకారం ముక్కలవుతుంది. ముదురు మచ్చ నీడలా వెనక్కి పోతుంది, లేత మచ్చ ముందుకొస్తుంది. చుట్టూ ఉన్న చెట్ల రంగుతో అచ్చంగా కలిసిపోవడం కన్నా ఈ తేడాకే విలువ ఎక్కువ. ఎరుపు పనికొచ్చేదీ ఇక్కడే. మసక వెలుతురులో కంటిలోని దండకణాలు పని అందుకుంటాయి. వాటికి సుమారు 500 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర చూపు చురుకు, ఎరుపు దాదాపు కనిపించదు. పొద్దు వాలేకొద్దీ ఎర్ర మచ్చ నల్లబడుతుంది, పక్కనున్న ఆకుపచ్చ ఇంకా లేతగానే కనిపిస్తుంది. పట్టపగలు పచ్చిక మీద మాత్రం అదే ఎరుపు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఈ లోపాన్ని దాచిపెట్టలేం.

నల్ల మచ్చల సంగతి వేరు; వాటి పని పరారుణ కాంతిని పట్టే పరికరాలతో. పత్రహరితం ఎర్ర కాంతిని పీల్చుకుంటుంది కానీ 700 నానోమీటర్లు దాటిన పరారుణ కాంతిని పీల్చదు. ఆకులోని కణాల అమరిక దాన్ని వెనక్కి పంపుతుంది. అందుకే పరారుణ పరికరంలో ఆకులు తెల్లగా, చెట్టు సందుల్లోని నీడలు నల్లగా కనిపిస్తాయి. మామూలు అద్దకం రంగులు చాలావరకు ఆ కాంతిని అడ్డుకోవు కాబట్టి, కంటికి ముచ్చటగా కనిపించిన మచ్చలన్నీ పరికరంలో ఒకే తెల్లటి ముద్దగా మారే ప్రమాదముంది. లైబర్‌ముస్టర్‌లో నలుపుకు కర్బన పదార్థం కలిపింది ఇందుకే: మసి పరారుణాన్నీ మింగేస్తుంది, మచ్చ మచ్చగానే మిగులుతుంది.

స్విస్ సైన్యంలో అధికభాగం పౌరులే. శిక్షణ ముగిశాక యూనిఫాం ఇంట్లోనే భద్రపరచుకుంటారు. కనుక ఈ బట్ట బీరువాల్లోకి, జనం నాలుకల మీదికి కూడా చేరింది. ‘నాలుగు పండ్ల పైజామా’ అన్న ఎగతాళి పేరు అలా పుట్టిందే. జేబుల మీద జేబులతో బరువుగా ఉండే ఆ మొదటి దుస్తుల (57 నమూనా) తర్వాత 1983లో సవరించిన కుట్టు వచ్చింది. అచ్చు దాదాపు అదే. 1990ల్లో వచ్చిన కొత్త దుస్తుల్లో ఎరుపును తీసేసి, గోధుమ, ఆకుపచ్చ, నలుపు ఛాయలు ఉంచారు. పాత ఎర్ర మచ్చల కోట్లు మిగులు సరుకుగా విదేశీ దుకాణాలకు చేరి ఫ్యాషన్ అయ్యాయి. 2020ల్లో సైన్యం వేర్వేరు పరిసరాలకు సరిపడేలా రూపొందించిన ‘16’ అనే నమూనాకు మారడం మొదలుపెట్టింది.