నవలకు రోజూ ముప్పావుగంట

వారపత్రికలు జోరుగా నడిచిన రోజుల్లో నవల రాసేవాళ్లకు క్రమశిక్షణ ఎవరూ నేర్పాల్సిన అవసరం ఉండేది కాదు. సీరియల్ మొదలైందంటే వారం తిరిగేసరికి తర్వాతి భాగం పత్రికాఫీసుకు చేరాల్సిందే. భాగం ఆలస్యమైతే సంపాదకుడు గుర్తుచేసేవాడు. కథ నచ్చకపోతే పాఠకుడు ఉత్తరం రాసేవాడు. యద్దనపూడి సులోచనారాణి, యండమూరి వీరేంద్రనాథ్, మల్లాది వెంకటకృష్ణమూర్తి నవలల్లో చాలా భాగం అలా సీరియళ్లుగా వచ్చి ఇంటింటికీ చేరినవే.

ఆ పత్రికల్లో చాలావరకు ఇప్పుడు లేవు. పరాయి దేశంలో ఉద్యోగం చేసుకుంటూ తెలుగులో నవల రాస్తుంటే, తర్వాతి భాగం ఏదని అడిగేవాళ్లు అసలే ఉండరు. ఆ అడిగే పని కూడా మనమే చేసుకోవాలి. నా దృష్టిలో రచయిత దినచర్య అంటే ఇదే. డాలస్ దగ్గర ఉంటూ ఏడాదిగా ఒక నవల రాస్తున్నాను. ఆ పనిలో తెలిసిన సంగతులు నాలాంటి వాళ్లకు పనికొస్తాయని ఇక్కడ చెబుతున్నాను.

ఉద్యోగం చేస్తూనే రాశారు

‘రిటైరయ్యాక తీరిగ్గా రాస్తాను’ అనే మాట మన పార్టీల్లో తరచూ వినిపిస్తుంది. కానీ తెలుగులో మంచి నవలలు రాసినవాళ్లలో చాలామంది తీరిక దొరికాక రాసినవాళ్లు కాదు. ‘అల్పజీవి’ రాసిన రాచకొండ విశ్వనాథశాస్త్రి విశాఖపట్నంలో ప్లీడరు. ‘అతడు అడవిని జయించాడు’ రాసిన కేశవరెడ్డి నిజామాబాద్ జిల్లాలో కుష్ఠు రోగులకు వైద్యం చేసిన డాక్టరు. బుచ్చిబాబు ఆకాశవాణి ఉద్యోగి.

వేరే భాషల్లోనూ ఇంతే. ఆంథొనీ ట్రోలప్ ఇంగ్లండ్ తపాలాశాఖలో ఉద్యోగం చేస్తూనే నవలలు రాశాడు. ఆయన రాసినవి మొత్తం 47. ఉదయం అయిదున్నరకు బల్ల దగ్గర కూర్చునేవాడు. మొదటి అరగంట ముందురోజు రాసింది చదువుకునేవాడు. తర్వాత గడియారం ఎదురుగా పెట్టుకుని పావుగంటకు 250 పదాల లెక్కన రాసేవాడు. ఏ రోజు ఎన్ని పేజీలయ్యాయో పుస్తకంలో రాసుకునేవాడు. టోనీ మారిసన్ ప్రచురణ సంస్థలో ఎడిటర్‌గా పనిచేస్తూ, ఒంటరిగా ఇద్దరు కొడుకులను పెంచుతూ, తెల్లవారకముందే లేచి రాసుకున్నారు. ఆమె మొదటి నవల 1970లో వచ్చింది. టోక్యోలో జాజ్ బార్ నడిపిన హారుకి మురకామి తన మొదటి నవలను బారు మూసేశాక రాత్రిళ్లు వంటింటి బల్ల మీద రాశాడు.

వీళ్లలో ఒకరిది తెల్లవారుజాము, ఒకరిది అర్ధరాత్రి. వేళ ఏదైనా, రోజూ అదే వేళ కావడం ముఖ్యం.

వేళ ఎలా ఎంచుకోవాలి

నా వేళ ఉదయం అయిదుంబావు నుంచి ఆరు వరకు, సోమవారం నుంచి శుక్రవారం దాకా. దీనికి రెండు కారణాలున్నాయి.

మొదటిది గడియారం. హైదరాబాద్ టీమ్‌తో మా రోజువారీ మీటింగు అక్కడి లెక్కన సాయంత్రం ఆరున్నరకు. వేసవిలో అది మాకు ఉదయం ఎనిమిది. నవంబరులో ఇక్కడ గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు, ఇండియాలో తిప్పరు. దాంతో అదే మీటింగు ఏడింటికి వచ్చి కూర్చుంటుంది. వేసవిలో ఏడింటికి రాయడం అలవాటు చేసుకుంటే అది నవంబరు దాకానే నడుస్తుంది. రెండు కాలాల్లోనూ నిలబడే వేళను చూసుకోవాలి.

రెండోది భాష. రోజంతా ఇంగ్లిషులో మాట్లాడి, ఇంగ్లిషులో మెయిళ్లు రాసిన బుర్రతో రాత్రి తెలుగు రాయడానికి కూర్చుంటే, పాత్రలు కూడా ఆఫీసు మెయిల్లా మాట్లాడతాయి. ఉదయం మెయిల్ తెరవకముందే రాస్తే ఆ బాధ తక్కువ. రాసేముందు ఏదైనా మంచి తెలుగు వచనం ఒక పేజీ పైకి చదువుతాను. చెవికి తెలుగు లయ ఎక్కాక చేయి కదులుతుంది.

రోజూ రాయడం వల్ల ఇంకో లాభం ఉంది. సాఫ్ట్‌వేర్ వాళ్లకు ఇది బాగా తెలిసిన సంగతే. ఒక పని సగంలో వదిలి వారం తర్వాత తెరిస్తే, ఎక్కడ ఆగామో గుర్తుచేసుకోవడానికే సగం పొద్దు పోతుంది. నవలా అంతే. శనివారం అయిదు గంటలు ఒకేసారి దొరికినా, ఆ మొదటి గంట పాత్రలతో మళ్లీ పరిచయానికే సరి. పైగా మన శనివారాల సంగతి తెలిసిందే. తెలుగు క్లాసు, పుట్టినరోజు పార్టీ, గుడి, కిరాణా.

ఎంత రాయాలి

నా లెక్క రోజుకు 250 పదాలు. వారానికి అయిదు రోజులంటే 1,250. ఏడాదిలో 40 వారాలు నడిచినా 50,000. ముద్రణలో అది రెండు వందల పేజీలు దాటే నవల. మిగతా 12 వారాలూ పండగలకు, ఇండియా ప్రయాణానికి, ఆఫీసులో రిలీజులకు, జ్వరాలకు ముందే వదిలేశాను.

ఇంగ్లిషు రచయితల లెక్కలు చూసి రోజుకు వెయ్యి పదాలని పెట్టుకోనక్కర్లేదు. ‘రాలేకపోయాడు’ అన్న ఒక్క మాటను ఇంగ్లిషులో చెప్పాలంటే నాలుగైదు పదాలు కావాలి. మన పదం బరువు వేరు.

ముప్పావుగంటను మూడుగా విడదీశాను. మొదటి అయిదు నిమిషాలు నిన్నటి పేజీ చదవడం. తర్వాత ముప్పై అయిదు నిమిషాలు రాయడం. చివరి అయిదు నిమిషాల్లో రేపు ఏం జరగాలో ఒక్క వాక్యం రాసిపెట్టడం. తర్వాత ఏం జరుగుతుందో తెలిసినచోటే ఆపాలని హెమింగ్‌వే చెప్పింది ఇందుకే. మర్నాడు ఖాళీ తెర ముందు కూర్చోవాల్సిన పని ఉండదు.

రాస్తుండగా మాట తట్టకపోయినా, వివరం తెలియకపోయినా అక్కడ రెండు చుక్కలు పెట్టి ముందుకు వెళతాను. వెతకడం వారాంతానికి వాయిదా. ఫోన్ వేరే గదిలో ఉంటుంది. చుక్క పెట్టకుండా ఒక మాట కోసం నెట్టులోకి వెళితే ఆ రోజు రాత అయిపోయినట్టే.

ఇండియన్ కిరాణా కొట్టువాళ్లు ఉచితంగా ఇచ్చే తెలుగు క్యాలెండర్ మా వంటింట్లో ఉంది. ఆ రోజు తిథి కింద పదాల సంఖ్య పెన్సిల్‌తో వేస్తాను. ఒక్క వాక్యమే రాసిన రోజు ఆ వాక్యంలో ఎన్ని పదాలుంటే అంతే వేస్తాను. అసలు రాయని రోజు సున్నా. తప్పిన రోజు లెక్కను మర్నాటి మీద మాత్రం వేయను. ఆ బాకీ పెరిగి పెరిగి చివరికి నవలనే మూయించేస్తుంది.

ఇంట్లో ఒప్పందం

గొప్ప రచయితల దినచర్యల్లో ఒక విషయం పెద్దగా ఎవరూ పట్టించుకోరు. ట్రోలప్‌ను తెల్లవారుజామున లేపి కాఫీ ఇవ్వడానికి ఒక ముసలి పనివాడు ఉండేవాడు. అందుకు ఏడాదికి అయిదు పౌండ్లు అదనంగా ఇచ్చేవాడు. మన ఇళ్లలో ఆ పనివాడు లేడు. ఒకరు తలుపు వేసుకుని రాసుకుంటుంటే పాలు కాచేది, పిల్లలను లేపేది ఇంకొకరే. ఆ పని ఎవరి మీద పడుతోందో చూడకుండా పెట్టుకున్న దినచర్య నెల తిరక్కుండానే గొడవ అవుతుంది.

అందుకే మా ఇంట్లో ముందే మాట్లాడుకున్నాం. ఆరింటి నుంచి లంచ్ బాక్సులు, స్కూల్ బస్సు నా బాధ్యత. సాయంత్రం ముప్పావుగంట మా ఆవిడ వీణ సాధనకు. అప్పుడు ఫోన్లు, తలుపు, పిల్లల హోంవర్కు అన్నీ నావే. శని ఆదివారాల్లో నవల ఊసు ఉండదు. ఇంట్లో రాసేది భార్య అయితే ఈ ఒప్పందం ఇంకా ముఖ్యం. పిల్లలు లేవకముందు ఆమెకు దొరికే ఆ కాస్త సమయంలోకి టిఫిన్ పనిని నెట్టకుండా చూడాల్సింది భర్తే.

వాయిదా వేస్తే పోయేది

రిటైరయ్యాక తీరిక దొరకవచ్చు. కానీ మన నవలకు కావలసిన మనుషులు అప్పటిదాకా ఉండరు. నా నవల నల్గొండ జిల్లాలో ఒక చెరువు గురించి, దాని నీళ్లు పొలాలకు వదిలే నీరటి గురించి. తూము ఎప్పుడు తెరిచేవాళ్లు, మత్తడి దూకితే ఊళ్లో ఏం చేసేవాళ్లు, ఎవరి వంతు ఎప్పుడు వచ్చేది, ఇవి నాకు పుస్తకాల్లో దొరకలేదు. మా పెద్దనాయనకు తెలుసు. నేను రెండు చుక్కలు పెట్టిన చోట్లన్నీ ఆయన కోసమే. ఇక్కడ శనివారం రాత్రి ఎనిమిదిన్నర అంటే అక్కడ ఆదివారం ఉదయం ఏడు. అప్పుడు ఫోన్ చేస్తాను. ‘ఏం బిడ్డా, మళ్ల చెరువు ముచ్చటేనా’ అంటూ మొదలుపెడతాడు.

ఆయనకు 78 ఏళ్లు. ఈ ఏడాది వినికిడి బాగా తగ్గింది. అడిగిందే మళ్లీ అడగాల్సి వస్తోంది. కొన్ని పేర్లు ఆయనకు అందడం లేదు. వారం వారం నాలుగు చుక్కలు తీసేయగలుగుతున్నానంటే, ఆ వారం రాత నడిచింది కాబట్టే. రాయనిదే ఏం అడగాలో తెలియదు. అడగాల్సిన ప్రశ్నలు పదేళ్ల తర్వాత తెలిస్తే ఎవరిని అడుగుతాం?

ఇక్కడికి వచ్చిన మన తరం కథ కూడా ఇంకా చాలావరకు రాయాల్సే ఉంది. గ్రీన్‌కార్డు క్యూలో గడిచిన ఏళ్లు, అమ్మానాన్నలను ఫోన్లోనే చూసుకున్న నెలలు, పిల్లలతో రెండు భాషల్లో సాగే సంభాషణలు. వీటిని అనుభవించినవాళ్లు తెలుగులో రాయగలిగేది వాళ్ల తెలుగు గట్టిగా ఉన్నంతకాలమే.

పూర్తయిన నవలకు దారులు ఉన్నాయి. కడప జిల్లా ఉపాధ్యాయుడు సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి ‘కొండపొలం’ 2019లో తానా నవలల పోటీలో బహుమతి పొందింది, 2021లో సినిమాగా కూడా వచ్చింది. ఇలాంటి పోటీల గడువు తేదీ ఒకటి క్యాలెండర్‌లో ఉంటే, పాత వారపత్రిక సంపాదకుడు మళ్లీ ఇంట్లోకి వచ్చినట్టే.

మొదలుపెట్టాలనుకునేవాళ్లు మొదటి వారం పదాలు కూడా లెక్కపెట్టవద్దు. అయిదు రోజులు ఒకే వేళకు ఒకే కుర్చీలో ముప్పావుగంట కూర్చోండి. రెండో వారం నుంచి వంద పదాలు చాలు. ఈ శనివారం రాత్రి మాత్రం ఊళ్లో ఉన్న పెద్దవాళ్లకు ఒక ఫోన్ చేయండి. మొదటి పేజీకి కావలసింది అక్కడే దొరకవచ్చు.